ప్రాజెక్టు డైరీ: ఊక బూడిద కింద మా సోలార్ ప్యానెళ్లు

జనవరి 19

మా బిల్డింగ్ మీద ప్యానెళ్లు పెట్టించి మూడు నెలలైంది. 540 వాట్లవి 6, మొత్తం 3.24 కిలోవాట్లు. పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ వస్తుందనే ధైర్యంతోనే మొదలుపెట్టాం. నవంబరులో మబ్బు లేని రోజున 13 యూనిట్లు చూపించిన ఇన్వర్టర్ ఈ వారమంతా 11 దాటలేదు.

ప్యానెళ్లు బిగించిన తమ్ముడికి ఫోన్ చేశాను. "చలికాలం గదన్నా, ఎండ తక్కువుంటది. ఎండాకాలం రానీ, అదే పెరుగుతది. దుమ్మంటవా, వానొస్తే కడుక్కపోతది" అన్నాడు.

కొంత నిజమే. కానీ పైకెళ్లి గాజు మీద వేలు రాస్తే వేలు నల్లగా అయింది. మాది మిర్యాలగూడ. చుట్టూ రైస్ మిల్లులు. ధాన్యం ఉడకబెట్టే బాయిలర్లలో ఊకే కాలుస్తారు. పొద్దున లేచేసరికి వాకిట్లో, ఆరేసిన బట్టల మీద, తులసి కోట మీద నల్లటి పొర ఉండడం మాకు కొత్తేం కాదు. మా ఆవిడ రాత్రిపూట బట్టలు బయట వదలదు. మరి 25 ఏళ్లు బయటే ఉండాల్సిన ప్యానెళ్ల సంగతేంటన్నది మాత్రం నేను ముందుగా ఆలోచించలేదు.

నాది మోటార్ రివైండింగ్ షాపు. మీటర్ పట్టుకోవడం, కారణం వెతకడం నా రోజువారీ పనే. ఎండ తగ్గి ఎంత పోతోంది, మురికి వల్ల ఎంత పోతోంది అన్నది వేరు చేసి చూడాలని ఇవాళ నిర్ణయించుకున్నాను. రాసి పెట్టుకుంటే తప్ప నమ్మకం కుదరదు కాబట్టి ఈ డైరీ.

జనవరి 26

ఇన్వర్టర్ చూపించే యూనిట్లతో మురికిని కొలవలేం. ఎండ రోజుకో రకంగా ఉంటుంది, సూర్యుడి ఎత్తు మారుతుంది, వేడి మారుతుంది. ఈ రోజుకీ నిన్నటికీ పోలిక పెడితే ఏది ఎందుకు మారిందో తేలదు. ఒకే ఎండలో, ఒకే నిమిషంలో శుభ్రమైన గాజునూ మురికి గాజునూ పక్కపక్కన పెట్టి చూడాలి. పెద్ద ప్లాంట్లలో చేసేదీ ఇదే. మురికి ప్యానెల్ ఇచ్చిన కరెంటును శుభ్రమైన దానితో భాగిస్తే వచ్చే నిష్పత్తే లెక్క. 1 వస్తే మురికి లేనట్టు, 0.90 వస్తే 10 శాతం పోయినట్టు.

అందుకని 40 వాట్ల చిన్న ప్యానెళ్లు రెండు తెచ్చాను. పెద్దవాటి పక్కనే, అదే వాలులో, అదే దిక్కుకు బిగించాను. ఒకదాని పేరు కడిగేది, ఇంకొకటి కడగనిది. మొదటిదాన్ని రోజూ తెల్లారకముందే తడిబట్టతో శుభ్రం చేయాలి. రెండోదాన్ని ముట్టకూడదు. మధ్యాహ్నం పన్నెండుంబావుకు రెండింటి షార్ట్ సర్క్యూట్ కరెంటు చూడాలి. ప్యానెల్ రెండు వైర్లనూ నేరుగా మల్టీమీటర్ 10 ఆంపియర్ల సాకెట్‌కు కలిపితే చాలు. షార్ట్ చేస్తే కాలిపోదా అని మావాడు భయపడ్డాడు. సోలార్ ప్యానెల్ బ్యాటరీ లాంటిది కాదు, ఎండ ఎంతుంటే అంత కరెంటే ఇస్తుంది, ఒక్క క్షణం షార్ట్ చేసినా దానికేం కాదు. అయితే ఇది చిన్న ప్యానెళ్లకే. పైనున్న పెద్దవాటి జోలికి ఇలా పోకూడదు. వరసగా కలిపిన 6 ప్యానెళ్ల దగ్గర దాదాపు 250 వోల్టుల డీసీ ఉంటుంది. పైగా డీసీలో లేచిన నిప్పురవ్వ ఏసీలో లాగా దానంతటదే ఆరిపోదు.

రెండూ శుభ్రంగా ఉండగానే ముందు చూశాను. కడిగేది 2.05, కడగనిది 2.02. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ఆ కాస్త తేడా ఉంటుంది. 0.985ను మొదలుగా రాసుకున్నాను. ఇకపై వచ్చే ప్రతి నిష్పత్తినీ దీనితో భాగిస్తాను.

ఫిబ్రవరి 2

ఒక వారంలో ఒకటిన్నర శాతం పోయింది. వింటే చిన్నదే.

గాజు మీద ఏం పడుతోందో చూద్దామని సెల్లోటేపు అతికించి తీసి, కాయిల్స్ చూసుకునే భూతద్దం కింద పెట్టాను. మట్టి రేణువులు గోధుమరంగులో గుండ్రంగా ఉన్నాయి. వాటి మధ్య నల్లటి రేకులు, బూడిదరంగు ముక్కలు. ఒక ముక్కను జాగ్రత్తగా చూస్తే వడ్లగింజ పొట్టు మీద ఉండే గరుకు గీతలు అలాగే ఉన్నాయి. కాలిపోయినా ఆకారం పోలేదు.

మా వీధిలోనే ఉండే బాబాయ్ ముప్పై ఏళ్లు మిల్లు బాయిలర్ మీద పని చేశాడు. సాయంత్రం ఆయనకు చూపించాను. "ఊకల ఉన్నది ఇసుకే కొడుకా. ఎంత కాల్చినా అది మిగులుతది" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. వడ్ల బరువులో దాదాపు ఐదోవంతు ఊక. ఆ ఊకను కాలిస్తే అందులోనూ దాదాపు ఐదోవంతు బూడిదగా మిగులుతుంది. అంటే 100 క్వింటాళ్ల వడ్లు ఆడిస్తే 20 క్వింటాళ్ల ఊక, దాన్ని మొత్తం కాలిస్తే 4 క్వింటాళ్ల బూడిద. ఆ బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికానే, ఇసుకలో ఉండేదే. సరిగ్గా కాలని కార్బన్ మిగలడం వల్ల అది నల్లగా కనిపిస్తుంది.

ఈ నలుపు ప్యానెల్‌కు చెడ్డది. మట్టి రేణువు మీద పడ్డ వెలుతురు చెదిరినా కొంత లోపలికి పోతుంది. మసి వెలుతురును తాగేస్తుంది. అందుకే ఒకే బరువు మట్టి, మసి పడితే మసి వల్లే ఎక్కువ నష్టం. రేణువు ఎంత సన్నదైతే అంత గట్టిగా గాజును పట్టుకుంటుంది కూడా. పెద్ద రేణువులు గాలికి పోతాయి, సన్నవి పోవు.

ఫిబ్రవరి 11

పొద్దున ఆరింటికి పైకెళ్లాను. గాజు మీద మంచు నీళ్లు బొట్లుబొట్లుగా ఉన్నాయి. బూడిద ఆ నీళ్లలో కలిసి పలచటి బురదలా జారుతోంది. ఎనిమిదింటికల్లా ఎండకు అది ఆరి అట్టకట్టింది. ఊదితే లేవలేదు, వేలితో రుద్దితేనే వచ్చింది. పొడిగా పడ్డ బూడిద వేరు, ఒకసారి తడిసి ఆరిన బూడిద వేరు. రాత్రిపూట ప్యానెల్ గాజు చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది, అందుకే పక్కనున్న గోడ పొడిగా ఉన్నా గాజు మీద మాత్రం మంచు కురుస్తుంది. రోజూ ఇదే జరుగుతుంటే గాలికి కొట్టుకుపోతుందన్న ఆశ లేనట్టే.

ఫిబ్రవరి 23

నాలుగు వారాలు నిండాయి. కడగని చిన్న ప్యానెల్ నిష్పత్తి 0.94. అంటే 6 శాతం నష్టం.

ఇవాళ పెద్ద ప్యానెళ్లు మొదటిసారి కడిగాం. నిన్న మధ్యాహ్నం ఇన్వర్టర్ మీద పవర్ 1,930 వాట్లు, ఆ నిమిషంలో కడిగేది 2.15 ఆంపియర్లు. వాట్లను ఆంపియర్లతో భాగిస్తే 898. ఇలా చేస్తే రెండు రోజుల ఎండల తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. పొద్దున్నే కడిగి, ఇవాళ అదే టైముకు చూస్తే 2,450 వాట్లు, 2.15 ఆంపియర్లు. 1,140.

లెక్క చేసి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. 21 శాతం. రోజుకు మూడు యూనిట్ల దాకా మా నెత్తి మీదే పోతున్నాయి.

కానీ ఈ 21నూ ఆ 6నూ పోల్చడం తప్పు. పెద్దవాటి మీద ఉన్నది అక్టోబరు నుంచి పేరుకున్న మురికి, చిన్నదాని మీద నాలుగు వారాలది. అందుకని ఇవాళ అన్నింటినీ ఒకేసారి కడిగేశాను. కడగనిది కూడా. లెక్క మళ్లీ సున్నా నుంచి.

మార్చి 9

ఇవాళ్టి సంగతి వివరంగా రాసుకోవాలి.

కడగని ప్యానెల్ మీద ఓ మూలన పావురం రెట్ట వేసింది. ఆ ప్యానెల్‌లో సెల్స్, అంటే వెలుతురును కరెంటుగా మార్చే ముక్కలు, సన్నటి పట్టీలుగా ఉంటాయి. రెట్ట వాటిలో ఒక పట్టీని దాదాపు మొత్తం కప్పేసింది. షార్ట్ కరెంటు చూస్తే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదు. మీటర్ చెడిపోయిందనుకున్నాను. ఇంకో మీటర్ తెచ్చినా అదే.

అప్పుడు షాపులో ఉన్న 8 ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ తెచ్చి లోడ్ పెట్టాను. కడిగే ప్యానెల్ ఆ లోడ్ మీద 33 వాట్లు ఇచ్చింది. రెట్ట ఉన్నది 11.

కారణం బైపాస్ డయోడ్లు. ప్యానెల్ లోపల 36 సెల్స్ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిసి ఉంటాయి. సాగర్ ఎడమ కాలువ మీద ఎక్కడో ఒకచోట తూము సగం మూస్తే, దాని కింద ఎంత వెడల్పు కాలువున్నా నీళ్లు సగమే వస్తాయి. సెల్స్ సంగతీ అంతే. అన్నింటికంటే తక్కువ వెలుతురు పడ్డ సెల్ ఎంత ఇస్తే వరస మొత్తానికీ అంతే. ఆ కప్పేసిన సెల్ వేడెక్కి కాలిపోకుండా, దాని సగం వరసను పక్కకు తప్పించి కరెంటును పంపడానికి డయోడ్ ఉంటుంది. షార్ట్ చేసి చూసినప్పుడు డయోడ్ దారి ఇవ్వడంతో మిగతా సగం కరెంటంతా వచ్చేస్తుంది, మీటర్ బాగానే ఉందని చెబుతుంది. కానీ సగం సెల్స్ పక్కకు పోయాయి కాబట్టి వోల్టేజి సగమే. లోడ్ పెడితే గానీ అసలు సంగతి బయటపడదు. నా రెసిస్టర్ ఒకే విలువది కాబట్టి నష్టాన్ని కొంచెం ఎక్కువ చేసి చూపించింది. ఇన్వర్టర్ అయితే లోడ్ సర్దుకుని సగం దాకా రాబట్టేది.

అంటే ఇన్ని రోజులు నేను పట్టుకున్న కొలత అంతటా సమానంగా పరుచుకున్న మురికినే చూడగలదు. ఒకచోట గుంపుగా చేరిన మురికి దానికి కనబడకపోవచ్చు. రెట్ట తుడిచేశాను, మురికి పొర పోకుండా ఆ ఒక్క చోటే.

మార్చి 16

రాత్రి అకాలంగా నాలుగు చినుకులు పడ్డాయి. వాకిలి తడవలేదు. పొద్దున ప్యానెళ్లు చూస్తే వాన పడక ముందుకంటే హీనంగా ఉన్నాయి. చినుకు పడ్డచోటల్లా గుండ్రటి బురద మచ్చ. నీళ్లు కిందికి జారాయి గానీ అల్యూమినియం ఫ్రేము అంచు దగ్గర ఆగిపోయాయి. ఆ అంచు గాజు కంటే కాస్త ఎత్తుగా ఉంటుంది. మా ప్యానెళ్ల వాలు 10 డిగ్రీలే కాబట్టి నీళ్లు దాన్ని దాటలేక అక్కడే నిలిచి ఆరాయి. కింది అంచు పొడవునా నాలుగు వేళ్ల వెడల్పున నల్లటి పట్టీ. ఆరు ప్యానెళ్లకూ, ఒక్కటీ తప్పకుండా.

"వానొస్తే కడుక్కపోతది" అన్న మాట గుర్తొచ్చింది. పెద్ద వానకు కడుక్కుపోతుందేమో. ఇలాంటి చినుకులు మాత్రం మురికినంతా ఊడ్చి ఒకచోట పోగేస్తాయి.

మార్చి 25

మళ్లీ నాలుగు వారాలు. చిన్న ప్యానెల్ ఈసారి కూడా 6 శాతమే చూపించింది. మరి పెద్దవి?

అంతా ఒకేసారి కడిగేయకుండా మూడు రోజులుగా చేశాను. మూడు రోజులూ మబ్బు లేదు. 23న ఏమీ ముట్టకుండా చూస్తే ఆంపియర్‌కు 951 వాట్లు. 24న తెల్లారకముందే స్పాంజితో కింది పట్టీ మాత్రం తుడిచాను, పైన మురికి అలాగే ఉంది. మధ్యాహ్నం 1,044. 25న, అంటే ఇవాళ, మొత్తం కడిగితే 1,118.

ఫిబ్రవరిలో శుభ్రంగా ఉన్నప్పుడు 1,140 వచ్చింది, ఇప్పుడు 1,118. ఆ తేడా ఎండ వేడిది. సెల్ వేడి ఒక డిగ్రీ పెరిగితే పవర్ దాదాపు 0.35 శాతం తగ్గుతుంది. దాన్ని మురికి ఖాతాలో వేయకూడదు, అందుకే ఇవాళ్టి మురికిని ఇవాళ్టి శుభ్రంతోనే పోల్చాను.

మొత్తం నష్టం 15 శాతం. అందులో 8 శాతానికి పైగా ఆ నాలుగు వేళ్ల పట్టీ ఒక్కదానిదే. మిగిలిన ఆరున్నర శాతం గాజంతా పరుచుకున్న పొరది. చిన్న ప్యానెల్ మొదటినుంచీ చెబుతున్నది దాని గురించే. దానిలో ఫ్రేముకూ మొదటి సెల్‌కూ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉంది. పొడవు కూడా తక్కువ కాబట్టి కిందికి జారే బురద కొంచెమే. పట్టీ ఆ ఖాళీ మీదే పడింది. పెద్దవాటిలో సెల్స్ దాదాపు ఫ్రేము దాకా ఉంటాయి.

రాత్రి కాగితం మీద లెక్క వేసుకున్నాను. మా ప్యానెల్‌లో సగం కోసిన సెల్స్ 144 ఉన్నాయి. నిలువుగా బిగిస్తే కింది నుంచి పైకి 24 వరసలు, వరసకు 6. నల్ల పట్టీ పడ్డది అన్నిటికంటే కింది వరస మీద, 24లో 1. ఆ వరసకు వెలుతురు 20 శాతం తగ్గిందనుకుందాం. ప్యానెల్ మొత్తం మీద చూస్తే తగ్గిన వెలుతురు 1 శాతం కూడా లేదు. కానీ కింది సగంలో ఉన్న సెల్స్ అన్నీ ఆ వరస వెనకే వరసగా ఉన్నాయి. తూము అక్కడ మూసుకుంది కాబట్టి కింది సగం కరెంటంతా 20 శాతం పడిపోతుంది. పై సగం వేరే కాలువలా విడిగా వచ్చి కలుస్తుంది కాబట్టి దానికేం కాదు. రెండూ కలిపితే ప్యానెల్‌కు 10 శాతం నష్టం. నేను కొలిచింది దాదాపు అంతే వచ్చింది.

ఇన్ని రోజులు ఎంత మురికి పడుతోందా అని చూశాను. ఎక్కడ చేరుతోందో చూడాల్సింది. ఇవాళ నాకు నిజంగా చాలా సంతోషంగా ఉంది. మొత్తం కడగాలంటే 40 లీటర్ల నీళ్లు, గంట పని, ఇద్దరు మనుషులు కావాలి. కింది పట్టీ తుడవడానికి ఒక చెంబు నీళ్లు, పది నిమిషాలు, నేనొక్కణ్నే చాలు. దాంతోనే నష్టంలో సగానికి పైగా వెనక్కి వస్తుంది.

ఏప్రిల్ 13

యాసంగి కోతలు మొదలయ్యాయి. మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు, లారీలు వరస కట్టాయి. చిమ్నీలు రాత్రీ పగలూ ఆగడం లేదు. కడగని ప్యానెల్ ఒక్క వారంలోనే 3 శాతం పడిపోయింది, ఫిబ్రవరిలో పడినదానికి రెట్టింపు. నెలకోసారి కడగడం ఈ రెండు నెలలకు చాలదు.

కడిగే పద్ధతి మీద రెండు పరీక్షలు చేశాను. పక్కింట్లో పాత కిటికీ గాజు ఉంటే తెచ్చి, ఒక సగం మీద బూడిద చల్లి పొడిబట్టతో 200 సార్లు తుడిచాను. రెండో సగం మీద అంతే బూడిద చల్లి, ముందు నీళ్లు పోసి జారనిచ్చి, తర్వాత తడి స్పాంజితో తుడిచాను. ఎండకు ఏటవాలుగా పట్టి చూస్తే పొడిగా తుడిచిన సగం మీద వెంట్రుకల్లాంటి గీతలు. తడి సగం మీద ఏమీ లేవు. సిలికాతో గాజును రుద్దుతున్నామంటే గరుకు కాగితంతో రుద్దుతున్నట్టే. ప్యానెల్ గాజు మీద వెలుతురు వెనక్కి కొట్టకుండా చాలా పలుచటి పూత కూడా ఉంటుంది, రెండు మూడు శాతం వెలుతురును అదే లోపలికి తెస్తుంది. అది పోతే మళ్లీ వేయించుకునేది కాదు. మా వీధిలో ఇద్దరు చీపురుతో ఊడుస్తున్నారు. సాయంత్రం ఆ గాజు తీసుకెళ్లి ఇద్దరికీ చూపించి వచ్చాను.

రెండోది నీళ్లు. మా బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి సున్నపు మరకలు మిగిలాయి. నల్లగొండ జిల్లా బోర్ల సంగతి చెప్పేదేముంది, ఫ్లోరైడ్‌తో మా పెద్దల ఎముకలే వంగిపోయాయి. నల్లా నీళ్లతో మరకలు బాగా తగ్గాయి. తెల్లారకముందు, గాజు చల్లగా ఉన్నప్పుడు కడిగితే నీళ్లు ఆరేలోపే జారిపోతాయి, మరక పడదు. మధ్యాహ్నం కడగడం అసలు వద్దు. కాలిన గాజు మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది.

కడిగేముందు డీసీ స్విచ్ ఆఫ్ చేస్తాను. అయినా వెలుతురు ఉన్నంతసేపు ప్యానెళ్ల వైపు వైర్లలో వోల్టేజి ఉంటుంది. కనెక్టర్ల మీదికి పైపు పెట్టకూడదు. మావాడికి ఇది పదిసార్లు చెప్పాను.

మే 4

రెండు రోజులుగా పొగ. కోసిన పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారు. ఊరి చుట్టూ తెల్లటి ముసుగు, మధ్యాహ్నం ఆకాశం నీలంగా లేదు, పాలిపోయి ఉంది.

కడిగే ప్యానెల్‌ను పొద్దున్నే తుడిచాను. 1వ తేదీన 2.26 ఉన్నది ఇవాళ అదే టైముకు 2.10. మబ్బు లేదు. గాజు మీద మురికి లేదు. 7 శాతం గాలిలోనే ఆగిపోయింది. కడగనిది కూడా అంతే తగ్గింది కాబట్టి రెండింటి నిష్పత్తిలో ఈ నష్టం కనబడనే కనబడదు. రోజూ కరెంటు విడిగా రాసి పెట్టుకోవడం ఇప్పుడు పనికొచ్చింది.

ఈ రెండు రకాల నష్టాన్నీ పెద్ద స్థాయిలో లెక్కగట్టినవాళ్లున్నారు. 2017లో వచ్చిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీకి చెందిన మైక్ బెర్గిన్, ఐఐటీ గాంధీనగర్ వాళ్లతో కలిసి గాంధీనగర్‌లోని ప్యానెళ్లను కొన్ని వారాలకోసారి కడుగుతూ కొలిచారు. మూడు నాలుగు వారాల మురికి కడిగినప్పుడు ఉత్పత్తి సగం దాకా పెరిగింది. గాజు మీద చేరినదాంట్లో 92 శాతం మట్టే. మిగిలిన కొద్దిపాటి మసి, ఇతర కాలుష్య రేణువులు సన్నవి కావడం వల్ల తమ బరువుకు మించి వెలుతురును అడ్డుకుంటాయని వాళ్లు తేల్చారు. గాలిలోని పొగమంచు సంగతి 2018లో వచ్చిన ఇంకో అధ్యయనం చెప్పింది. ఢిల్లీలో ప్యానెళ్ల మీద పడాల్సిన ఎండలో ఏడాదికి దాదాపు 12 శాతం కాలుష్యం వల్లే తగ్గుతోందని. మన ఊళ్లో ఢిల్లీ అంత పొగ ఏడాదంతా ఉండదు. కానీ ఈ వారం మా పైన ఉన్నది దానికేం తీసిపోలేదు.

గాజు మీది బూడిదను కడిగి నేను కరెంటు వెనక్కి తెచ్చుకుంటున్నాను. గాలిలో ఆగిన ఎండను ఏ స్పాంజితోనూ తేలేను. అమ్మకు నిన్న రాత్రంతా ఆయాసం. ఇన్‌హేలర్ రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది. మధ్యాహ్నం మీటర్ మీద 2.10 చూసినప్పుడు నాకు యూనిట్లు గుర్తురాలేదు. ఆ 7 శాతాన్ని ఆపిన రేణువులే ఆమె పీలుస్తోంది. మా మామ కొడుకు కూడా గడ్డి తగలబెట్టేవాడే. కోత మిషన్ కోసిన గడ్డిని కట్టలు కట్టించాలంటే బేలర్ దొరకాలి, దొరికినా ఎకరానికి డబ్బులు కావాలి, నాటు టైము ముంచుకొస్తుంది. వాడి కష్టం నాకు తెలుసు. అయినా ఇవాళ ఫోన్ చేసి అమ్మ పరిస్థితి చెప్పాను. "ఈసారి బేలర్ మాట్లాడుత బావా" అన్నాడు.

మే 18

ప్యానెల్ ఫ్రేము కింది అంచుకు తగిలించే చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు వస్తాయని తెలిసి తెప్పించాను. అంచు దగ్గర నిలిచిన నీళ్లు క్లిప్పు పట్టుకుని కిందికి కారిపోతాయి, బురదనూ కొంత తీసుకుపోతాయి. మూడు ప్యానెళ్లకే పెట్టాను, మూడు వదిలేశాను. ఆరూ ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి ఇన్వర్టర్ మీద విడిగా తేడా తెలియదు. పట్టీ వెడల్పును స్కేలుతో కొలిచి, ఫోటో తీసి పోల్చాలి.

మొన్న రాత్రి గాలిదుమారం వచ్చి చిన్న జల్లు పడింది. క్లిప్పులు లేనివాటికి పట్టీ 5 సెంటీమీటర్లు, ఉన్నవాటికి ఒకటిన్నర. క్లిప్పుకూ క్లిప్పుకూ మధ్య దూరం ఎక్కువున్న చోట మాత్రం మురికి మిగిలింది. పొడి దుమ్ము మీద వీటి ప్రభావం ఏమీ లేదు, నీళ్లు పడితేనే పని చేస్తాయి.

ఏప్రిల్ నుంచి పాటిస్తున్న పద్ధతి ఇది. ప్రతి ఆదివారం తెల్లవారుజామున కింది పట్టీ. మిల్లులు జోరుగా ఆడే నెలల్లో పదిహేను రోజులకోసారి మొత్తం, మిగతా నెలల్లో నెలకోసారి. రెట్ట కనబడితే అదే రోజు.

జూన్ 15

మృగశిర కార్తె వచ్చిన నాలుగో రోజు గట్టి వాన పడింది, గంటకు పైగా. మొత్తం కడగడం కావాలనే వారం ఆపి ఉంచాను. వాన తర్వాత కడగని చిన్న ప్యానెల్ 0.99. తమ్ముడు చెప్పిన మాట ఈ వానకు నిజమైంది. పెద్దవాటి మీద, క్లిప్పులు లేని మూడింటికి కింది అంచున సన్నటి గీత మాత్రం మిగిలింది. దాన్ని వాన తీయలేకపోయింది, స్పాంజి తీసింది.

తమ్ముణ్ని పిలిచి అన్నీ చూపించాను. నోట్‌బుక్ పేజీలు ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. "ఇకనించి మిల్లుల దగ్గర బిగిస్తే 15 డిగ్రీల వాలు పెడతనన్నా, కిందికి చెయ్యందేటట్టు నడిచే జాగా వదులుత" అన్నాడు. మాకు బిగించినప్పుడు కింది అంచు పిట్టగోడ బయటికి ఉంటే నేను తుడవగలిగేవాణ్నే కాదు. అది మా అదృష్టం కొద్దీ లోపలికి ఉంది.

జూలై 6

వానాకాలం రీడింగులు నిదానంగా తీస్తున్నాను, మబ్బుల్లో పోలిక కుదరడం లేదు. మిగతా మూడు ప్యానెళ్లకూ క్లిప్పులు పెట్టేశాను, ఈసారి దగ్గర దగ్గరగా.

బాబాయ్ నిన్న షాపుకొచ్చాడు. వాళ్ల కొడుకు మిల్లు పక్కనే ఇల్లు కట్టాడు, 2 కిలోవాట్లు పెట్టించాడట. "మా పొల్లగాని ఇంటి మీద గూడ చిన్నది ఒకటి బిగించు, ఆడ ఎంత పడతదో చూద్దాం. మేం ఏండ్లకేండ్లు ఆ గాలే పీల్చినం గద" అన్నాడు. కడగని ప్యానెల్‌ను విప్పి తుడిచి పెట్టాను, ఇంకో చిన్నదాన్ని దానికి జతగా ఆర్డర్ చేశాను. వానాకాలం ధాన్యం మిల్లుకొచ్చేది నవంబరులో. అంతకుముందే రెండింటినీ పక్కపక్కన పెట్టి మొదలు నిష్పత్తి రాసుకోవాలి.